నాటే ఖర్చు సరే, కాపాడే ఖర్చేదీ?

అమ్మాయీ,

పక్షుల ఆవాసం పునరుద్ధరణకు గ్రాంటు కోరుతూ నువ్వు రాసిన ప్రపోజల్ ముసాయిదా చదివాను. మొదటి పేజీలోనే 10,000 మొక్కలు నాటుతామని ఉంది. ఏ పక్షుల కోసమో ఆరో పేజీకి గాని తెలియలేదు. ఆ వరస తిరగెయ్యి. ఏ పక్షి, దానికి ఏది కొరవడింది, ఆ కొరత ఎందుకొచ్చింది అన్నవి మొదటి అరపేజీలోనే ఉండాలి. తిండి లేకా, గూటికి చోటు లేకా, గుడ్లు తినే ఎలుకలూ పిల్లులూ ఎక్కువయ్యా, మనుషుల అలికిడికా? కారణం సరిగ్గా దొరికితే ఒక్కోసారి నాటే పనే తగ్గిపోతుంది. హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దేశంలో కజిన్ దీవిని 1968లో పక్షుల కోసం కొన్నప్పుడు అక్కడ సీషెల్స్ వార్బ్లర్ అనే చిన్న పిట్టలు 30 లోపే ఉన్నాయి. కొబ్బరి తోట అడవి చోటంతా ఆక్రమించింది. కొబ్బరిని అదుపు చేసి స్థానిక చెట్లను తిరిగి ఎదగనిచ్చారు. 1980లకల్లా ఆ పిట్టలు 300 దాటాయి. 1988లో 29 పిట్టల్ని అరీద్ అనే మరో దీవికి తరలించగలిగారు కూడా.

ముసాయిదాలో 'ఖాళీ గడ్డి నేల' అని రాశావు. అది నిజంగా పాత గడ్డిభూమి అయితే అక్కడ ఒక్క చెట్టూ పెట్టకు. భరతపిట్టలు, బట్టమేకపిట్టలు నేల మీద గుడ్లు పెడతాయి. పొడుగాటి చెట్టు ఉన్నచోట కాకీ గద్దా కూర్చుని చూస్తుంటాయి కాబట్టి ఆ దరిదాపుల్లో అవి గూడు కట్టవు. అలాంటి చోట ముళ్లకంపలు తీసేయడం, మేతకు, గడ్డి కోతకు వేళ కుదర్చడం, ఇవే పునరుద్ధరణ.

ఇక బడ్జెట్. 4 హెక్టార్లలో 2 మీటర్ల ఎడంతో 10,000 మొక్కలు, లెక్క సరిపోయింది. కానీ కొన్ని చనిపోతాయి గదా. రెండో ఏడు ఐదో వంతు తిరిగి నాటాలనుకుంటే నర్సరీకి 12,000 చెప్పాలి, అదీ విత్తనం కాయక ముందే. ఆ ప్రాంతపు చెట్ల విత్తనమే కావాలని ఒప్పందంలో రాయించు. లేకపోతే నర్సరీలో ఏది మిగిలితే అది అంటగడతారు. అసలు లోటు కలుపు దగ్గర ఉంది. ఒక మనిషి రోజుకు 100 పాదులు బాగుచేస్తాడనుకో, ఒక్క విడతకు 100 పనిదినాలు. ఏడాదికి మూడు విడతలు, మూడేళ్లు: 900 పనిదినాలు. నీ బడ్జెట్‌లో దీనికి ఒక్క పద్దు లేదు. నాటిన మొక్కను చాలాచోట్ల చంపేది గడ్డి పోటీయే. ఆ డబ్బు దొరకదనుకుంటే 4,000 మొక్కలకు తగ్గించు, 360 పనిదినాలతో పోతుంది. సంఖ్య తగ్గితే దాత చిన్నచూపు చూస్తాడేమోనని బెంగ వద్దు. లెక్క తెలిసిన సమీక్షకుడు ముందు వెతికేది ఈ పద్దునే.

లాంటానా అనే కలుపు పొద తొలగింపుకూ ఇదే మాట. పైకి నరికితే మొదలులోంచి మళ్లీ చిగురిస్తుంది. నేలకు కొంచెం కింద, చిగుర్లు పుట్టే మెడ భాగం దిగువన తల్లివేరు కోసి మొదలును తలకిందులుగా పెట్టాలి. తర్వాత రెండు మూడేళ్లు మొలకలు పీకించాలి. పిట్టలే ఆ పళ్లు తిని గింజలు వేస్తాయి కాబట్టి ఒక్కసారితో తీరదు. గూళ్ల కాలంలో మాత్రం ఏ పొదా కొట్టించకు.

చెరువు భాగంలో 'నీటి మట్టం పెంచుతాం' అన్నావు, ఎంతో రాయలేదు. చిన్న ఉల్లంకులకు 5 సెంటీమీటర్ల లోపు నీరు, బురద అంచు కావాలి. నీళ్లపై తేలుతూ మేసే బాతులకు 10 నుంచి 25 సెంటీమీటర్లు చాలు. ఒకే లోతు ఉంటే ఒక రకం పిట్టలే వస్తాయి. గట్టు అంచులు ఏటవాలుగా చెక్కించి, తూముకు ఒక్కొక్కటిగా తీసే పలకలు పెట్టించు. నీరు తీసేటప్పుడు రెండు మూడు వారాలు పట్టేలా తీయాలి. ఒక్కసారిగా వదిలితే పురుగూ బురదా ఎండిపోయి, పిట్టలకు నాలుగు రోజుల మేతే మిగులుతుంది.

గూటిపెట్టెల సంగతి చిన్నదే. తొర్రలున్న ముసలి చెట్లు లేనిచోటే పెట్టు. పిచ్చుకకైతే 32 మిల్లీమీటర్ల రంధ్రం, అడుగున నీరు జారే చిల్లులు, రసాయనం పూయని చెక్క చాలు. ముందు వాలే పుల్ల వద్దు, అది వేటాడే వాటికి మెట్టు.

లెక్కింపు మీద కాస్త శ్రద్ధ పెట్టు. 'రెండేళ్లలో పక్షులు రెట్టింపవుతాయి' అన్న వాక్యం కొట్టేయి. అంత తక్కువ వ్యవధిలో నువ్వు పూచీ పడగలిగేవి మొక్కల బతుకు శాతం, కలుపు కప్పిన విస్తీర్ణం, నీటి లోతు. పక్షుల సంఖ్యను గమనిస్తామని రాయి, హామీ ఇవ్వకు. లెక్కింపు బిందువులు, అంటే నిలబడి పిట్టల్ని లెక్కపెట్టే చోట్లు, 250 మీటర్ల ఎడంగా ఉండాలి. ఒక్కోచోట 10 నిమిషాలు, తెల్లవారిన మూడు గంటల లోపు, వానా గాలీ లేని రోజు. పని మొదలవక ముందు ఒక ఏడాది లెక్క, పని జరగని పక్క నేలలోనూ అదే లెక్క ఉండాలి. అది లేకపోతే మంచి వానల వల్ల పెరిగిన పిట్టల్ని నీ ఖాతాలో వేసుకున్నావంటారు. ఇంకో చిక్కుంది. పొదలు కొట్టేశాక పిట్టలు బాగా కనిపిస్తాయి, ఉన్నవి పెరగకపోయినా లెక్క పెరుగుతుంది. అందుకే ప్రతి పిట్టా లెక్కించే మనిషికి 25 మీటర్ల లోపా, 50 లోపా, ఆపైనా అన్నది కూడా రాయించు. ఏటేటా మనుషుల్ని మార్చకు. కొత్తవాళ్ల చెవి రెండో ఏటికి పదునెక్కి, అదీ పెరుగుదలలాగే కనిపిస్తుంది.

సొంత వాటా నియమం, అంటే గ్రాంటుకు తోడుగా మనం ఎంత చూపాలన్నది, ముందే చదువు. ఉదాహరణకు అమెరికాలో ఉత్తర అమెరికా చిత్తడినేలల సంరక్షణ చట్టం, 1989 కింద ఇచ్చే గ్రాంటుకు డాలరుకు డాలరు బయటినుంచి చూపాలి. వాలంటీర్ల పనిగంటల్ని వాటాగా తీసుకునే దాత అయితే తేదీ, గంటలు, సంతకం ఉన్న రిజిస్టర్ మొదటి రోజు నుంచే పెట్టు. అవే గంటల్ని రెండు గ్రాంట్లకు చూపితే రెండూ పోతాయి. ఒప్పందం తేదీకి ముందు చేసిన ఖర్చు మామూలుగా తిరిగి రాదు గనక, పనికి ముందటి ఏడాది లెక్కింపు ఎవరి డబ్బుతో జరుగుతుందో తేల్చుకో.

పని పట్టికలో నెలల పేర్లు తీసేసి రుతువులు రాయి. మంజూరు ఆలస్యమై నాటే అదను దాటితే ఏడాది పోయినట్టే. గడువు పొడిగింపు అడగాల్సి వస్తే గడువు ముగియక ముందే అడగాలి. భూమి యజమానితో ఒప్పందం గ్రాంటుతో పాటే ముగియకూడదు, కనీసం 10 ఏళ్లు రాయించు. అది లేకుండా ప్రపోజల్ పంపకు.

సవరించిన బడ్జెట్ ముందు పంపు, భాష సంగతి ఆ తర్వాత చూద్దాం.