తిరుపతిలో స్టిల్ట్ పార్కింగ్ ఉన్న పాత ఫ్లాట్ కొనొచ్చా? భూకంపం వస్తే పరిస్థితి ఏంటి?

రేణిగుంట రోడ్డు వైపు రీసేల్ ఫ్లాట్ చూస్తున్నారు, కింద మొత్తం పార్కింగ్, పైన ఐదంతస్తులు. తిరుపతి ఏ భూకంప జోన్‌లో ఉంది, ఘాట్ రోడ్డులో భూమి చీలిక ఉందంటున్నారు నిజమేనా అని అడిగారు. నన్నడిగితే జోన్ సంగతి కాసేపు పక్కన పెట్టండి, ముందు ఆ పార్కింగ్‌లోకి వెళ్లి పిల్లర్లు చూడండి.

జోన్ అనేది డిజైన్ చేసేటప్పుడు ఎంత కుదుపుకి లెక్క వేసుకోవాలో చెబుతుంది, అంతే. మీ బిల్డింగ్ ఆ లెక్క ప్రకారం కట్టారా లేదా అన్నది దాన్నిబట్టి తెలియదు. 1993లో లాతూర్ దగ్గర కిల్లారిలో భూకంపం వచ్చేనాటికి ఆ ప్రాంతం అన్నిటికంటే తక్కువ ప్రమాదమనుకునే జోన్ 1లో ఉంది, అయినా రాళ్లూ మట్టితో కట్టిన ఇళ్లు కూలి వేలమంది పోయారు. 2002లో భూకంప డిజైన్ నిబంధనల కోడ్ మార్చినప్పుడు జోన్ 1 అనేదే తీసేశారు, మన పక్కనున్న చెన్నైని 2 నుంచి 3లోకి తెచ్చారు. 2021 చివర్లో రామకుప్పం వైపు, వేలూరు వైపు భూమి కదిలింది కదా, అప్పుడేం కాలేదు కదా అని అమ్మేవాళ్లు అంటారు. అవి చాలా చిన్నవి. మాగ్నిట్యూడ్ ఒక్క అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది.

ఘాట్ రోడ్డులో మీరు విన్నది చీలిక కాదు. కింద చాలా పాత గ్రానైట్ రాయి, దాని మీద తర్వాతెప్పుడో ఏర్పడిన క్వార్ట్జైట్, రెండింటి మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల తేడా, అవి కలిసే గీత అక్కడ బయటికి కనిపిస్తుంది. దానికి భయపడి ఫ్లాట్ మానుకోనక్కర్లేదు.

పార్కింగ్ ఎందుకు చూడమంటున్నానంటే, 2001 జనవరి 26న భుజ్‌లో వచ్చిన భూకంపానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూడా అపార్ట్‌మెంట్లు కూలాయి, వాటిలో ఎక్కువ భాగం కింద గోడల్లేకుండా పిల్లర్ల మీద నిలబెట్టినవే. పైన ఇటుక గోడలు నిండుగా ఉండటంతో ఆ అంతస్తులన్నీ ఒకే పెట్టెలా కదులుతాయి, ఊగుడంతా వచ్చి కింది పిల్లర్ల మీద పడుతుంది. మన ఊళ్లో గత ఇరవై ఏళ్లలో లేచిన అపార్ట్‌మెంట్లలో ఇలా కట్టినవే ఎక్కువ, మాదీ అంతే.

మాది ఎమ్మార్ పల్లి వైపు. పైన పెంట్‌హౌస్ వేద్దామని కొందరు పట్టుబట్టినప్పుడు అసోసియేషన్ సెక్రటరీగా నేను, స్ట్రక్చరల్ ఇంజనీరు చూశాకే సంతకం పెడతానన్నాను. వచ్చిన పెద్దాయన టెర్రస్ ఎక్కనే లేదు, పార్కింగ్‌లోనే ఉండిపోయారు. డ్రాయింగ్స్ అడిగితే మేం అప్రూవల్ ప్లాన్ చేతిలో పెట్టాం. "ఇందులో సెట్‌బ్యాక్‌లు ఉన్నాయి గానీ కమ్మీలు ఎక్కడున్నాయి సార్?" అన్నారు. స్ట్రక్చరల్ డ్రాయింగ్ వేరే ఉంటుందని మాలో సగం మందికి తెలియదు, బిల్డర్ ఫోనెత్తడు.

పిల్లర్లు ఒకవైపు తొమ్మిదంగుళాలే, బెడ్‌రూమ్‌లో గోడ బయటికి పొడుచుకు రాకూడదని అందరూ అడిగే సైజు అది. 2016 కోడ్ ప్రకారం కనీసం 300 మిల్లీమీటర్లు, అంటే దాదాపు అడుగు ఉండాలి. తర్వాత రీబౌండ్ హ్యామర్‌తో కొట్టి కాంక్రీట్ గట్టిదనం చూశారు, స్కానర్‌తో కమ్మీలు ఎక్కడున్నాయో గీతలు గీశారు, ఒక మూల పిల్లర్‌కి బీమ్ దగ్గర పైపొర కొద్దిగా చెక్కించారు. అసలు సంగతి అక్కడ బయటపడింది. బీమ్ కలిసే చోట నిలువు కమ్మీల చుట్టూ కట్టే రింగులు నాలుగంగుళాలకొకటి దగ్గరదగ్గరగా ఉండాలట, మాకు పైనుంచి కిందిదాకా ఎనిమిదంగుళాలకొకటి. రింగు కొసలు లోపలికి బాగా వంచి కాంక్రీట్‌లోకి దించకుండా అడ్డంగా మడిచి వదిలేశారు. గట్టిగా ఊగితే పైపొర రాలుతుంది, రింగు విచ్చుకుంటుంది, నిలువు కమ్మీలు బయటికి వంగుతాయి. ఇవి కాక డ్రైనేజీ పైపు కోసం ప్లంబర్ ఒక బీమ్‌ని కోసేశాడు, దాని గురించి ఎవరూ అడగనేలేదు!

పెంట్‌హౌస్ మాట అంతటితో ఆగింది. పిల్లర్ల చుట్టూ కొత్త కమ్మీలు కట్టి కాంక్రీట్ జాకెట్ వేయాలన్నారు. అందరూ సరేనన్నారు, ఒక్కో పిల్లర్ నాలుగు వైపులా నాలుగంగుళాలు లావవుతుందని తెలిసేదాకా. ఇక "నా కారు డోరు ఎలా తెరుచుకుంటుంది" అని మొదలైంది. ప్రాణం సంగతి కన్నా స్లాట్ సంగతికే మీటింగులు ఎక్కువ జరిగాయి. చివరికి బైకుల వైపున్న పిల్లర్లకు పని పూర్తయింది, కార్ల వైపు ఇంకా గొడవ నడుస్తూనే ఉంది.

నేల గురించి కూడా ఒక మాట. 2021 నవంబర్ వానలకు మా ఎమ్మార్ పల్లిలోనే సిమెంట్ రింగులతో కట్టిన నీళ్ల సంపు భూమిలోంచి పైకి లేచిన వీడియో చూసే ఉంటారు. అది భూకంపం కాదు, కింద ఊరిన నీళ్లు పైకి తోశాయి. కానీ చెరువో వంకో పూడ్చి వేసిన లేఅవుట్ అయితే మెత్తటి మట్టి కుదుపుని ఇంకా పెంచుతుంది, నీళ్లు నిండిన వదులు ఇసుకైతే పట్టు కూడా వదిలేస్తుంది. కట్టేముందు సాయిల్ టెస్ట్ చేయించారా అని అడగండి. ఆ స్థలం ముందు ఏమిటో పక్క వీధి పెద్దవాళ్లకి తెలుస్తుంది, అగ్రిమెంట్‌లో ఉండదు.

అడ్వాన్స్ ఇవ్వకముందే ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును తీసుకెళ్లండి. ఆయన ఫీజు రిజిస్ట్రేషన్ ఖర్చు ముందు ఏపాటిది! డ్రాయింగ్ లేదంటే, అసోసియేషన్ ఒప్పుకుంటుందేమో కనుక్కుని ఒకట్రెండు కింది పిల్లర్లు స్కాన్ చేయిస్తామనండి. దానికీ ఒప్పుకోకపోతే నేనైతే రేటు దాకా కూడా వెళ్లను.