కాటా చీటీ నుంచి లీటర్లు తీసేటప్పుడు

చి. సుధకు, పెదనాన్న ఆశీస్సులు.

కాకినాడలో నూనె ట్యాంకుల దగ్గర స్టాకు రిజిస్టరు నీ చేతికిచ్చారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. కాటా చీటీ కిలోల్లో వస్తుంది, రిజిస్టరు లీటర్లు అడుగుతుంది, మధ్యలో ఈ న్యూటన్ల గోలేమిటని విసుక్కున్నావట. నేనూ విసుక్కున్నవాణ్ణే తల్లీ.

లెక్క ఒక్క ముక్కే. బరువును విశిష్ట భారంతో భాగిస్తే ఘనపరిమాణం. ఒక ఘనపు మీటరు ద్రవం ఎంత బరువుంటుందో అదే దాని విశిష్ట భారం. నీళ్లకైతే 9,810 న్యూటన్లు. ఘనపు మీటరంటే వెయ్యి లీటర్లు. విశిష్ట గురుత్వం వేరే సంగతి, అది నీళ్లతో పోల్చి చెప్పే అంకె, దానికి ప్రమాణం ఉండదు. పేర్లు దగ్గరగా ఉండేసరికి చదువుకున్నవాళ్లు కూడా తడబడతారు.

గోలంతా కాటా దగ్గర మొదలవుతుంది. కాటా చూపించేది కిలోలు. పుస్తకంలో విశిష్ట భారం న్యూటన్లలో ఉంటుంది. 14,850 కిలోల పొద్దుతిరుగుడు నూనె వచ్చిందనుకో. దాని విశిష్ట భారం 8,888 అని పుస్తకంలో చూసి నేరుగా భాగించావా, 1,671 లీటర్లే తేలతాయి. నిండు ట్యాంకరు తొమ్మిది డ్రమ్ముల్లోకి దిగిపోయినట్టు! న్యూటన్లంటే బరువును చెప్పే ప్రమాణం, కిలో బరువు 9.81 న్యూటన్లు. అందుకే కిలోలను ముందు 9.81తో గుణించు, 1,45,678 న్యూటన్లు వస్తాయి. ఇప్పుడు భాగిస్తే 16.39 ఘనపు మీటర్లు, అంటే 16,390 లీటర్లు. నన్నడిగితే రోజువారీ పనికి ఈ చుట్టుతిరుగుడు అక్కర్లేదు. పైనా కిందా అదే 9.81 కొట్టేసుకుపోతుంది కాబట్టి కిలోలను లీటరు బరువుతో, అంటే 0.906తో భాగించేయ్. పై ఆఫీసు న్యూటన్లలో అడిగిన రోజున మాత్రం మొదటి దారి పట్టు.

రాసే ముందు ఒకసారి చూసుకో: నూనెకు లీటర్లు ఎప్పుడూ కిలోల కంటే ఎక్కువే ఉండాలి. తక్కువొస్తే భాగించాల్సిన చోట గుణించావో, 9.81 మరిచిపోయావో అన్నమాట. మొలాసిస్, గ్లిజరిన్ నీళ్ల కంటే బరువు కాబట్టి వాటికి ఇది తిరగబడుతుంది.

ఇక అసలు సంగతి. మా మిల్లులో కాటా గది గోడకు ఒక అట్టముక్క అంటించి ఉండేది, పొద్దుతిరుగుడు నూనె 0.920 అని. ఎవరు రాశారో, ఏ కాలంలో రాశారో తెలియదు. మే నెలలో ఒక ట్యాంకరు వచ్చింది. బిల్లులో 16,400 లీటర్లు, కాటాలో నికరం 14,850 కిలోలు. అట్టముక్క చూసి భాగించాను, 16,141 వచ్చింది. 259 లీటర్లు తక్కువ! డ్రైవరు దారిలో తీశాడని తీర్మానించి ఎండలో బండి ఆపేశాను. అతను టైరు నీడన కూర్చుని, బీడీ కూడా కాల్చకుండా నా వంకే చూస్తున్నాడు. మధ్యాహ్నం కెమిస్టు వచ్చి, ట్యాంకరు మూత తీసి, తాడు కట్టిన సీసా నడుమ దాకా దింపి శాంపిలు తీశాడు. థర్మామీటరు పెడితే 40 డిగ్రీలు. హైడ్రోమీటరు, అంటే ద్రవంలో తేలుతూ దాని సాంద్రత చూపే గాజు గొట్టం, 0.906 చూపించింది. లెక్క తిరగేస్తే తేడా తొమ్మిది లీటర్లు. మా కాటా చూపించే కనీసపు గుర్తే పది కిలోలు! ఆ డ్రైవరుకు భోజనం పెట్టించాను గానీ, మళ్లీ ఎప్పుడూ అతని మొహంలోకి సూటిగా చూడలేకపోయాను.

నూనె డిగ్రీకి దాదాపు 0.07 శాతం ఉబ్బుతుంది. ఇరవై డిగ్రీలు పెరిగితే దాదాపు ఒకటిన్నర శాతం తేడా వచ్చిపడుతుంది. కిలోలు మారవు, లీటర్లే మారతాయి. ప్యాకెట్ల మీద కొన్ని కంపెనీలు 60 డిగ్రీల దగ్గర లీటరు అని అచ్చువేసేవి. సోయా నూనె లీటరు 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములు తూగితే 60 దగ్గర 893 కూడా తూగదు. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఆ డిగ్రీల మాట తీసేయమని, లీటర్ల పక్కన బరువు కూడా వేయమని చెప్పింది. అందుకే డబ్బా కొనేటప్పుడు మీ అమ్మకూ చెప్పు: 15 లీటర్ల డబ్బాలో ఉండేది 13.65 కిలోలే, 15 కిలోల డబ్బా వేరు.

నెలను బట్టి అంకె వేయకు. పామాయిల్ చలికి గడ్డకడుతుందని ట్యాంకులో స్టీమ్ పెడతారు, జనవరిలోనూ యాభై డిగ్రీలు ఉండొచ్చు. శాంపిలు జాడీలో పోశాక బుడగలు పైకి తేలే దాకా ఆగు. హైడ్రోమీటరు జాడీ గోడకు ఆనకూడదు. కన్ను నూనె మట్టానికి దించి చదువు, నిలబడి పైనుంచి చూస్తే తప్పే. రిజిస్టరులో లీటర్ల పక్కన డిగ్రీలు కూడా రాయి, గడి లేకపోతే స్కేలుతో గీసుకో.

నా పాత హైడ్రోమీటరు గుడ్డలో చుట్టి మీ నాన్నతో పంపుతున్నాను. ఏ డిగ్రీలకు దాని గుర్తులు పెట్టారో కాడ మీద సన్నటి అక్షరాలున్నాయి, భూతద్దంతో చూడు. బస్సులో పై అరలో పెట్టొద్దని వాడికి మరోసారి చెప్పు.

మీ పెదనాన్న