హాంకాంగ్ హోటల్లో 'సరే' అనడం ఎలా?

ప్రశ్న: హోటల్ మేనేజ్‌మెంట్ ఫైనలియర్ చదువుతున్నాను. హాంకాంగ్‌లోని ఓ హోటల్లో హౌస్‌కీపింగ్ ట్రైనీగా చేరబోతున్నాను. పనంతా ఇంగ్లిష్‌లోనే అంటున్నారు. అయినా ఎవరైనా అక్కడి భాష కాంటనీస్‌లో ఏదైనా అడిగితే మర్యాదగా ఒప్పుకోవడానికి ఏయే మాటలు నేర్చుకోవాలి?

జవాబు: అన్నిటికీ పనికొచ్చే ఒకే ఒక్క 'యస్' కోసం వెతక్కండి. కాంటనీస్‌లో ఏ మాటతో అడిగితే ఆ మాటతోనే ఒప్పుకుంటారు. 'తక్ మ్ తక్?' (కుదురుతుందా?) అంటే 'తక్'. 'హో మ్ హోయి' అని మొదలుపెట్టి ఇంకో టవల్ అడిగితే 'హోయి'. మధ్యలో వినిపించే 'మ్' అంటే 'కాదు'. దాని తర్వాతి మాట పట్టుకుంటే జవాబు దొరికినట్టే. అన్నిటికీ 'హై, హై' అనకండి. అది 'అవును, నిజమే' అనడానికి. పైగా కాంటనీస్‌లో స్వరం, అంటే మాట పలికే గొంతు ఎత్తు, మారితే అర్థమే మారిపోతుంది. 'హై'ని కింది స్థాయిలో, అంటే 6వ స్వరంలో పలకాలి. గొంతు పైకెత్తి 1వ స్వరంలో అన్నారో, పచ్చి బూతు.

అతిథితో ఒట్టి 'తక్' అంటే పొడిపొడిగా ఉంటుంది. 'తక్ లా' అంటే విసుక్కున్నట్టు కూడా వినిపించవచ్చు. 'హోవ్ కె, ఛింగ్ తంగ్ తంగ్' (అలాగేనండి, కాస్త ఆగండి) అనండి. తోటి సిబ్బందితో 'హోవ్ ఆ', 'మోవ్ మన్ థై' (ఇబ్బందేం లేదు) సరిపోతాయి. సూపర్‌వైజర్ వాకీటాకీలో పని చెబితే 'సౌ తోవ్' (అందింది) చాలు.

లేట్ చెకవుట్ లాంటివి మీ చేతిలో ఉండవు. అక్కడ 'హోవ్ కె' అనేస్తే మాట ఇచ్చినట్టే. 'ఙో పోంగ్ నేయ్ మన్ హా' (మీ కోసం కనుక్కుంటాను) అనండి.

సాధనకు, కాంటనీస్‌ను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే జ్యుత్‌పింగ్ పద్ధతి (1993లో వచ్చింది) మంచిది. స్వరం ఏదో అంకెతో రాసి ఉంటుంది. కాకపోతే ఇంగ్లిష్‌లా చదవకూడదు. 'డి' (d) అక్షరం ఉన్నచోట మన త, 'జి' (g) ఉన్నచోట క, 'టి' (t) ఉన్నచోట థ. ఒత్తుల తేడా మనకు కొత్త కాదు గనుక ఇక్కడ తెలుగువాళ్లకు సులువే. చిక్కంతా పదం చివర. 'తక్'లో క్ గొంతులోనే ఆగిపోవాలి, 'తక్కు' కాకూడదు. 'హోవ్'లో గొంతు కింది నుంచి పైకి లేవాలి.

అతిథి 'మ్ కోయ్' అని థాంక్స్ చెబితే 'మ్ సై హాక్ హేయ్' (పర్వాలేదండి) అనండి. మాండరిన్ మాట్లాడే చైనా మెయిన్‌లాండ్ అతిథులు ఎదురైతే మాత్రం ఇవేవీ వాడకుండా ఇంగ్లిష్‌లోనే జవాబివ్వండి.