కొత్తిమీర సన్నగా సాగిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో రెండో ఫ్లోర్, బాల్కనీ ఉత్తరం వైపు. కొత్తిమీర మొలిచిన పది రోజులకే కాడలు దారాల్లా సాగిపోయి పక్కకి వాలిపోతున్నాయండి, ఎరువు వేయాలా?

జవాబు: ఎరువు వద్దండి, దానికి కావాల్సింది వెలుతురు. ఉత్తరం వైపు మే, జూన్, జూలైల్లో తప్ప నేరుగా ఎండ పడదు కదా, అందుకే వెలుతురు కోసం కాడ అలా సాగుతుంది. కొత్తిమీరకి రోజూ 4-5 గంటల పొద్దుటి ఎండ చాలు, తూర్పు కిటికీ ఉంటే కుండీ అక్కడికి మార్చేయండి. అది కూడా లేదంటే 6500కె (కె అంటే కెల్విన్, లైటు రంగుని చెప్పే కొలత) తెల్ల ఎల్ఈడీ ట్యూబ్ లైటు మొక్కలకి అడుగు లోపు ఎత్తులో కట్టి రోజుకి 12-14 గంటలు వెలగనివ్వండి, రాత్రి మాత్రం ఆపేయాలి. పుదీనా కొంచెం నీడని తట్టుకుంటుంది కాబట్టి మీ బాల్కనీలో ముందు అదే పెట్టి చూడండి, తులసికి మాత్రం ఎండ బాగా తగలాలి.