అమ్మ లేని ఇంట్లో సంక్రాంతి భోజనానికి కూర్చోవాలా?

మీరు అడిగిన విషయం ఇది: అమ్మగారు పోయి ఏడాది దాటింది, సంవత్సరీకమూ జరిగిపోయింది, ఈ సంక్రాంతికి అందరూ ఊళ్ళో కలిసి ఎప్పటిలాగే భోజనాలు చేయాలని మీ అన్నగారూ పెద్దవాళ్ళూ అనుకున్నారు. హైదరాబాదులో ఉన్న మీకేమో వెళ్ళాలనీ ఉంది, ఆవిడ లేని వంటింట్లోకి వెళ్ళాలంటే అడుగు పడటమూ లేదు. పైగా పిండివంటలు తలచుకుంటే నోరూరడం కూడా తప్పేమో అని రాశారు. వెళ్ళమనే నేను చెబుతాను. అయితే ఆ భోజనం అమ్మగారు ఉన్నప్పుడు జరిగినట్టే జరిగి తీరాలన్న పట్టుదలకు మాత్రం ఒప్పుకోవద్దని కూడా చెబుతాను. ఈ రెండు మాటలూ ఎందుకంటున్నానో మా ఇంట్లో జరిగిన దాన్నిబట్టి వివరిస్తాను.

మాది కోనసీమలో అమలాపురానికి దగ్గరగా ఉన్న పల్లె. నేనూ మీలాగే హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్నాను. తమ్ముడూ మరదలూ నాన్నగారితో ఊళ్ళోనే ఉంటున్నారు. అమ్మ వానాకాలంలో పోయింది. ఆ ఏటి సంక్రాంతి నాటికి ఇంకా మాసికాలు నడుస్తున్నాయి కాబట్టి, పండుగ చేసుకోవాలా వద్దా అన్న ప్రశ్నే రాలేదు. మా వైపు ఏటిసూతకం ఉన్న ఇంట్లో గుమ్మానికి తోరణం కట్టరు, పిండివంటలకని పొయ్యి మీద మూకుడు పెట్టరు. ఇరుగుపొరుగువారూ మేనత్తలూ తమ ఇళ్ళలో వండుకున్న వాటిలోనే కొంత తెచ్చి ఇచ్చి వెళ్ళారు. బయటివారికి ఈ కట్టుబాటు కఠినంగా కనిపించవచ్చు గానీ, దుఃఖంలో ఉన్నవారిని నవ్వమనీ వండమనీ వడ్డించమనీ ఎవరూ అడగకుండా ఏడాది పాటు అది కాపాడుతుందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. అసలు కష్టం రెండో సంక్రాంతికి మొదలైంది. సంవత్సరీకం పెట్టేశాక ఊరంతా మన ఇంటిని మామూలు ఇంటిగానే చూస్తుంది, కానీ మనసు తిథి చూసుకుని మారదు. మీరు ఇప్పుడు సరిగ్గా ఆ చోటే ఉన్నారు.

పోయిన మనిషిని తలచుకుంటూ పండుగ భోజనం ఎలా గొంతు దిగుతుందని అడిగారు. మీరు దీపావళి గురించి అడిగి ఉంటే నా సమాధానం వేరుగా ఉండేదేమో. సంక్రాంతి పెద్దల పండుగ. అంపశయ్య మీద భీష్ముడు ఎదురుచూసిన ఉత్తరాయణం ఈ రోజుతోనే మొదలవుతుందని మనవాళ్ళ నమ్మకం. సూర్యుడు మకరరాశిలో ప్రవేశించే ఆ పూట కొందరు తర్పణాలు విడుస్తారు, కొందరు గుమ్మడికాయ దానం ఇస్తారు, మాలాంటి ఇళ్ళలో పెద్దలకు బట్టలు పెడతారు. కొత్త పంచె, కొత్త చీర పటాల ముందు పెట్టి, వండినవన్నీ అరిటాకులో వడ్డించి, సాంబ్రాణి ధూపం వేసి, అందరూ దణ్ణం పెట్టుకున్న తరువాతే ఇంట్లో మిగతావారికి ఆకులు వేస్తారు. తెలంగాణలో పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు పెద్దల పేరున బియ్యం ఇచ్చి, అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మతో ఆటపాటలు మొదలుపెట్టడం మీరు చూసే ఉంటారు. పోయినవారిని తలచుకోవడానికీ సంబరానికీ మధ్య అక్కడ ఒక పూట ఎడమే ఉంటుంది. కాబట్టి మీ దుఃఖాన్ని గుమ్మం బయట వదిలేసి లోపలికి రావలసిన పని లేదు. ఆ ఇంట్లో మొదటి ఆకు వేసేదే దాని కోసం. చిన్నప్పటి నుంచీ తాతయ్య, నాయనమ్మల పటాల ముందు ఆ ఆకు వేయడం చూస్తూనే పెరిగినా, అమ్మ పటం ఆ వరుసలోకి వచ్చేదాకా దానిలో ఎంత అర్థముందో నాకు తెలియలేదు.

ఇక రెండో సంగతి చాలామంది పెద్దవాళ్ళకు రుచించదు, అయినా చెప్పాలి. ఆ భోజనం ఎప్పటిలాగే జరగాలంటే ఎవరో ఒకరు ఎప్పటిలాగే చాకిరీ చేయాలి. మా అమ్మ భోగికి వారం ముందే అరిసెల పని మొదలుపెట్టేది. బియ్యం నానబోసి, నీళ్ళు ఓడ్చి, తడి ఆరకముందే పిండి పట్టించి, ఆ పిండి మీద తడిగుడ్డ కప్పి ఉంచి, బెల్లం పాకం పట్టేది. పళ్ళెంలో కాసిని నీళ్ళు పోసి, పాకం చుక్క అందులో వేసి, వేళ్ళతో దగ్గరకు తీసి చూసేది. అది మెత్తని ఉండ కట్టాలి. అక్కడి నుంచి ఇంకొంచెం ముదిరితే అరిసె రాయిలా తయారవుతుంది, ముందే దింపేస్తే నూనెలో వేయగానే విడిపోతుంది. అందుకని పాకం పొయ్యి మీద ఉన్నంతసేపూ ఆవిడ పక్కకు తిరిగేది కాదు, ఎవరు పిలిచినా పలికేది కాదు. ఆ తరువాత చలిమిడి కలిపి, ఉండలు తట్టి, నువ్వులద్ది, కాల్చి, అరిసెల చెక్కల మధ్య నూనె పోయేలా నొక్కి డబ్బాల్లో సర్దేది. అవి అయితే జంతికలు, పోకుండలు, సున్నుండలు. పండుగ నాడు బూరెలు, పులిహోర, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, కంద బచ్చలి, గుమ్మడికాయ పులుసు. కనుమ నాడు నాటుకోడి కూరా గారెలూ.

గారెల దగ్గర కొంచెం ఆగుతాను. కనుమ నాడు మినుము తినాలంటారు కాబట్టి గారెలు లేని కనుమ మా వైపు ఉండదు, వేడిగా లేని గారెను ఎవరూ మెచ్చుకోరు. అంటే ఇంటిల్లిపాదీ, వచ్చిన చుట్టాలూ తింటున్నంతసేపూ ఎవరో ఒకరు మూకుడు ముందు నిలబడే ఉండాలి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ మనిషి అమ్మే. మగవాళ్ళూ పిల్లలూ, ఆ తరువాత మేమూ తిని లేచాక, చల్లారిన అన్నంలో పులుసు కలుపుకుని వంటింటి గడప దగ్గర కూర్చుని తినేది. ఆ నూనె వాసనకే ఆకలి చచ్చిపోతుందని ఆవిడే అనేది. ఆ వంట అంటే ఆవిడకు ఇష్టమూ ఉంది, గర్వమూ ఉంది. అలసటా అంతే నిజం. అందుకే ఆ భోజనాన్ని తలచుకున్నప్పుడు నాకు దుఃఖంతో పాటు కోపం కూడా కలుగుతుంది. అందరూ ఆవిడ చేతి వంట గురించే మాట్లాడతారు తప్ప ఆవిడ గురించి మాట్లాడరని మీరు రాసిన వాక్యం చదివినప్పుడు, మీలోనూ అదే కోపం ఉందనిపించింది. దాన్ని మింగి ఊరుకోనక్కరలేదు, పనికొచ్చేలా వాడుకోవచ్చు.

రెండో సంక్రాంతికి మా పెద్దనాన్నగారు, "మీ అమ్మ ఉన్నప్పటికంటే ఒక్కటి కూడా తగ్గకూడదమ్మా, ఇల్లు చిన్నబోతుంది" అన్నారు. ఆయన ప్రేమతోనే అన్నారు. కానీ మరదలికి అప్పుడు చంటిబిడ్డ. తగ్గకూడదన్న ప్రతి వంటా ఆ అమ్మాయి నెత్తినే పడుతుందని అక్కడున్న ఆడవాళ్ళందరికీ అర్థమైంది. సాయంత్రం అరుగు మీద పెద్దనాన్నగారూ నాన్నగారూ మాత్రమే ఉన్నప్పుడు వెళ్ళి కూర్చుని, నెమ్మదిగానే చెప్పాను: "పెద్దనాన్నా, అమ్మ ఆకులో పెట్టవలసినవన్నీ ఇంట్లోనే వండుదాం. అరిసెలూ జంతికలూ కొనుక్కుందాం. కనుమ నాడు గారెలు మాత్రం తమ్ముడూ మా వారూ వేస్తారు." ఆయన ఒప్పుకోలేదు. మగవాళ్ళు మూకుడు ముందు నిలబడితే వచ్చిన చుట్టాలు ఏమనుకుంటారన్నారు. అంతవరకూ మాట్లాడని నాన్నగారు, "దానికి ఒక్క ఏడాది కూడా వేడి గారె తినడం కుదరలేదు అన్నయ్యా" అన్నారు. ఆ తరువాత వాదన సాగలేదు.

కొన్న పిండివంటలు పెద్దల ఆకులో పెట్టకూడదని మేనత్త పట్టుబట్టింది కాబట్టి బూరెలు ఇంట్లోనే వండాం. ఆవిడ మాటను కాదనాలని నాకు అనిపించలేదు. మిగిలినవి కొన్నాం, ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించాం. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పూతరేకులను అక్కడి ఆడవాళ్ళు కుండ బోర్లించి, దాని మీద ఒక్కొక్క రేకూ తీసి చేస్తారు. పండుగకు కొనుక్కుంటే ఆ ఇళ్ళకు రాబడి, మన ఇంటి ఆడవాళ్ళకు కాస్త విశ్రాంతి. ఇందులో పరువు తక్కువ ఏముందో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాదు.

పండుగ నాడు నాన్నగారే స్వయంగా పటం ముందు చీర పెట్టారు. అమ్మ ముత్తైదువుగా పోయింది కాబట్టి చీరతో పాటు రవికల గుడ్డ, పసుపు, కుంకుమ, గాజులు, పూలు పెట్టాం. ఆకులో ఏమేమి వడ్డించాలన్నప్పుడు ఆయన, మా ఎవరికీ తట్టని కొబ్బరి పచ్చడి చేయమన్నారు. పెళ్ళయిన కొత్తలో అమ్మ అన్నంలో అదొక్కటే కలుపుకుని తినేదట. ధూపం వేశాక ఆ చీరను మరదలికి ఇచ్చాం. కనుమ నాడు ఆ అమ్మాయి అదే చీర కట్టుకుని, బిడ్డను నాకు అప్పగించి, జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళింది. ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే దేవుణ్ణి నిలిపి భుజాల మీద మోసే ఎత్తైన అలంకరించిన చట్రాలు, పదకొండు ఊళ్ళ నుంచి ఆ తోటకు చేరే తీర్థం అది. ఊరికి అంత దగ్గర్లో ఉన్నా వంట తెమలక అమ్మ ఏటా ఆగిపోయేది.

కనుమ భోజనానికి ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఒకే బంతిలో కూర్చున్నాం. తమ్ముడు వేసిన మొదటి వాయి గారెలు పిండి పలుచనై నూనె పీల్చాయి, ఒక్కదానికీ చిల్లు సరిగ్గా పడలేదు. పిల్లలు నవ్వారు, నాన్నగారు నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వు ఆగకముందే గొంతు పట్టేసింది, కళ్ళు నిండాయి. పక్కనున్న పిన్ని ఏమీ అనకుండా నా ఆకులో ఇంకో గారె వేసింది. మీరు భయపడుతున్నది ఇలాంటి క్షణం గురించే అయితే, అది తప్పకుండా వస్తుంది, వచ్చినంత తొందరగానే వెళుతుంది. ఆకలి కూడా వేస్తుంది. నేను ఆ రోజు కడుపునిండా తిన్నాను, తిన్నందుకు అమ్మ మీద ప్రేమ పిసరంత కూడా తగ్గలేదు. నోరూరడం తప్పేమో అని మీరు రాశారు కదా. ఆ రుచులు మీ నాలుకకు అలవాటు చేసింది ఆవిడే.

చుట్టాల మాటలకు మాత్రం ముందుగానే సిద్ధపడి వెళ్ళండి. "ఆవిడ చేతి మహిమే వేరు" అని ఎవరో ఒకరు అంటారు, ఆ మాటకు వండినవారి ముఖం వాడిపోతుంది. అలా అన్నప్పుడు మేము అమ్మ గురించి వంటతో సంబంధం లేని సంగతి ఏదైనా చెప్పడం అలవాటు చేసుకున్నాం. ఊళ్ళో డ్వాక్రా సంఘం లెక్కల పుస్తకం అమ్మే రాసేదనీ, పైసా తేడా వచ్చినా పడుకునేది కాదనీ ఆ బంతిలోనే తమ్ముడు చెప్పాడు. మనవలకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. నానమ్మ లెక్కలు చేసేదా అని వాళ్ళు ఆశ్చర్యపోయి ఇంకా ఇంకా అడిగారు. మధ్యలో ఏడుపు వస్తే లేచి పెరట్లోకి వెళ్ళి రండి, ఎవరూ ఏమీ అనుకోరు. అంతకీ ఈ ఏడు మీ వల్ల కాదనిపిస్తే మానేయండి, అందులోనూ తప్పు లేదు. డాలస్‌లో ఉండే మా పిన్ని కూతురు ఊరికి రాలేక, సెలవు దొరికిన శనివారం నాడు వాళ్ళ నాన్నగారి పటం ముందు పంచె పెట్టి, చేతనైనంత వండి, దణ్ణం పెట్టుకుంటుంది.

వెళ్ళేటట్లయితే భోగి ముందు రాత్రి బయలుదేరకండి. ఆ సమయంలో విజయవాడ రహదారి మీద పంతంగి టోల్‌గేటు దగ్గర బండ్లు బారులు తీరతాయి. మీరు అలసి సొలసి భోజనాల వేళకు చుట్టంలా చేరుకుంటారు. ఎవరు వండాలో, ఎవరు వడ్డించాలో, ఎవరు చివర తినాలో అప్పటికే పాత పద్ధతిలో కుదిరిపోయి ఉంటుంది. రెండు రోజులు ముందుగా సెలవు పెట్టుకోండి. అంతకంటే ముందు మీ వదినగారికి ఫోను చేసి, ఏవి వండగలరో, ఏవి వండలేరో ఆవిడను అడిగి, ఆ జాబితా దగ్గర పెట్టుకునే మీ అన్నగారితో మాట్లాడండి. పెద్దల ఆకులో ఏమేమి ఉండాలన్నది మాత్రం మీ నాన్నగారినే అడగండి. అమ్మగారికి ఏది ఇష్టమో పిల్లలకు తెలిసినది ఒకటైతే ఆయనకు తెలిసినది వేరొకటి కావచ్చు.