ఒకే షట్టర్లో హోటల్ వెంట హోటల్ ఎందుకు మూతపడుతుంది? ఎదురుగా ఉన్న బండి ఎలా నడుస్తుంది?

మీరు అడిగింది ఇదీ: మీ కాలనీలో ఒక షట్టర్లో మూడేళ్లలో నాలుగు హోటళ్లు వచ్చి పోయాయి. దానికి ఎదురుగా రోడ్డుకి అవతల ఉన్న ఇడ్లీ బండి మాత్రం ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది. ఇది రుచిలో తేడానా, ఆ చోటుకే ఏదైనా దోషం ఉందా అని.

రుచిలో తేడా కాదు. దోషం అసలే కాదు. హైదరాబాద్‌లో కేపీహెచ్‌బీ కాలనీలో హోటల్ పెట్టి 19 లక్షలు పోగొట్టుకున్నవాణ్ని, కాబట్టి గట్టిగానే చెబుతాను. హోటల్‌ని నిలబెట్టేది జనం నడిచే దారి. పొద్దున్న ఏ పక్క నుంచి పోతారు, సాయంత్రం ఏ పక్క నుంచి వస్తారు, చేతిలో ఏం పట్టుకుని వస్తారు అన్నదే ముఖ్యం. వంట సంగతి ఆ తర్వాత.

మాది కాకినాడ దగ్గర పల్లెటూరు. 2015లో కేపీహెచ్‌బీలో పది బై పదిహేను షట్టరు తీసుకుని టిఫిన్ సెంటర్ పెట్టాను. కూర్చోవడానికి చోటు లేదు, నిలబడి తినాల్సిందే. ఇడ్లీ, వడ, పెసరట్టు, పూరీ, అంతే. అద్దె 14 వేలు. గల్లా రోజుకి 9 వేలు, ఒక్కోరోజు 10 వేలు. చుట్టూ హాస్టళ్లు. పిల్లలు మా ముందు నుంచే మెయిన్ రోడ్డు మీది బస్టాపుకి పోయేవారు. ఏడున్నర నుంచి పదింటి దాకా నాకు తల గోక్కునే తీరిక ఉండేది కాదు. అదంతా మా చట్నీ గొప్పతనం అనుకున్నాను. మూడేళ్లు అలాగే అనుకున్నాను.

ఆ నమ్మకంతోనే 2018 ఆగస్టులో భోజనం హోటల్ మొదలుపెట్టాను. పాత షట్టరుకి 300 మీటర్ల దూరం, మొదటి అంతస్తు, 1400 చదరపు అడుగులు. అద్దె 80 వేలు, ఆరు నెలల అడ్వాన్సు. చోటు చూపించిన ఓనరు, "బస్టాపు మీ ముందే, ఇంకేం కావాలి?" అన్నాడు. వాస్తు చూసిన పెద్దమనిషి తూర్పు ముఖం, తిరుగులేదన్నాడు. చోటు బాగుందని నేనూ అనుకున్నాను, ఎందుకంటే నా కళ్లలో ఉన్నది ఇంకా 2015 నాటి రోడ్డే. మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా నాగోలు దాకా మెట్రో 2017 నవంబరు 29నే నడవడం మొదలైంది. దాంతో జనం నడక మారిపోయింది. పొద్దున్నంతా నా గల్లాపెట్టె దగ్గరే కూర్చునే నేను ఆ సంగతి గమనించలేదు. టిఫిన్ సెంటర్‌లో కూడా బేరాలు కాస్త తగ్గినమాట నిజమే. వానాకాలం కదా అనుకున్నాను.

మా వంట మాస్టరు శ్రీకాకుళం జిల్లా మనిషి. అప్పటికి ఆయనకి యాభై దాటాయి. నా దగ్గర మూడేళ్లుగా ఉన్నాడు. ఆయన చేతి గోంగూర పప్పు, ఆనపకాయ పులుసు తిన్నవాళ్లు మళ్లీ రాకపోవడం నేను చూడలేదు. వచ్చేవాళ్లే తక్కువ, అదే మా బాధ. రోజుకి ఏడెనిమిది వేలు దాటేది కాదు.

ఆ ఏడు కార్తీకమాసంలో ఒక శనివారం సంగతి చెబుతాను. మాది శాకాహారం, మాసం కలిసొస్తుందని నా ఆశ. కాలనీ అంతా కరపత్రాలు పంచాను. కంద బచ్చలి, పనసపొట్టు కూర, పులిహోర, పరమాన్నం, మీల్స్ 90 రూపాయలు. 25 కిలోల బియ్యం బస్తా మొత్తం వార్చమన్నాను. "సగం వారుద్దాం బాబూ, జనాన్ని బట్టి మిగతాది చూద్దాం" అన్నాడు మాస్టరు. నేను వినలేదు. పదకొండున్నరకి ఆకులు కడిగి పెట్టుకుని కూర్చున్నాం. సప్లయర్ కుర్రాళ్లు నలుగురూ ఉతికిన చొక్కాలు వేసుకొచ్చారు. ఒంటిగంటన్నరకి పన్నెండు మంది. మూడింటికి లెక్క చూస్తే 31 మీల్స్. అన్నం గుండిగలు రెండు మూత కూడా తీయలేదు. పనసపొట్టు కూర మీద నూనె పేరుకుంటుంటే చూస్తూ నిలబడిపోయాను. మిగిలినదంతా ఆటోలో వేసుకుని దగ్గర్లోని అనాథాశ్రమానికి తీసుకెళ్లాం. అక్కడి పిల్లలు రెండోసారి, మూడోసారి వడ్డించుకుని తిన్నారు. మాస్టరు గోడవైపు తిరిగి కండువాతో మొహం తుడుచుకోవడం చూశాను.

ఆదివారం ఆయన ఏమీ మాట్లాడలేదు. సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి పొయ్యి దగ్గర పని కుర్రాడికి అప్పగించి, "బాబూ, ఓపాలి నాతో కిందకి రండి" అన్నాడు. రోడ్డు పక్క కరెంటు స్తంభం దగ్గర నిలబెట్టాడు. చింతపండు ఒలిచినప్పుడు తీసిన గింజలు గుప్పెడు నా చేతిలో పోశాడు. మన పక్క నుంచి పోయే ఒక్కో మనిషికి ఒక్కో గింజ కుడి జేబులో వేసుకోమన్నాడు. అవతలి పక్క లెక్క ఆయన చూసుకుంటానన్నాడు.

గంటసేపు నిలబడ్డాం. నా జేబులో పడ్డవి 60 చిల్లర. ఆయన గింజలు అయిపోయి వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు, 400 దాటిందన్నాడు. అందరూ అవతలి పక్క నుంచే మెట్రో మెట్ల వైపు పోతున్నారు. బస్టాపు ఖాళీగా ఉంది. "సూడండి బాబూ, ఇంకోటి. ఒక్కరైనా తలెత్తుతున్నారేటి?" అన్నాడు. ఎవరూ ఎత్తడం లేదు. ఎలా ఎత్తుతారు? ఫుట్‌పాత్ రాళ్లు లేచిపోయి ఉన్నాయి, మ్యాన్‌హోల్ మూత పక్కకి జరిగి ఉంది, మధ్యలో బైకులు పెట్టారు. పైకి చూస్తూ నడిస్తే కాలు విరుగుతుంది. నేను 40 వేలు పోసి లైట్లతో పెట్టించిన బోర్డు మొదటి అంతస్తులో ఉంది.

సాయంత్రం ఏడింటికి మళ్లీ వెళ్లి నిలబడ్డాం. అదే జనం, మళ్లీ అవతలి పక్కే తిరిగొస్తున్నారు. సగం మంది చేతుల్లో కర్రీ పాయింట్ కవర్లు. హాస్టల్ గదిలో రైస్ కుక్కర్ ఉంది, 30 రూపాయల కూర, 20 రూపాయల పప్పు కొనుక్కుని పోతున్నారు. వాళ్లకి ఆకు వేసి, నెయ్యి వేసి, కొసరి వడ్డించే భోజనం అక్కర్లేదు. ఆఫీసులో అలిసిపోయి, మెట్రోలో నిలబడి వచ్చిన మనిషికి చెప్పులు విప్పుకుని మంచం మీద కూర్చుని తినడమే కావాలి. మధ్యాహ్నమేమో వాళ్లెవరూ కాలనీలోనే ఉండరు, ఆఫీసుల్లో ఉంటారు. నేను మధ్యాహ్న భోజనం పెట్టింది మధ్యాహ్నం మనుషులుండని చోట.

చెప్పగలిగినదంతా ఆ కరెంటు స్తంభం దగ్గరే మాస్టరు చెప్పేశాడు. కానీ అప్పటికే డబ్బు గోడలకీ, ఎగ్జాస్ట్ గొట్టాలకీ, బల్లలకీ అంటుకుపోయింది. 2019 జూన్‌లో మూసేశాను. అడ్వాన్సులో రంగులకని, రిపేర్లకని లక్షన్నర కోసుకుని మిగతాది చేతిలో పెట్టాడు ఓనరు.

ఆ పై అంతస్తులోనే నా తర్వాత ఒకాయన మండి, అంటే మాంసం, అన్నం ఒకే పళ్లెంలో పెట్టే అరబ్బుల వంటకం, దాని హోటల్ పెట్టాడు, శని ఆదివారాలు కిటకిటలాడింది. చోటుకి దోషం ఉంటే ఆయనకి మాత్రం ఎలా నడుస్తుంది? తేడా ఏంటంటే, మండికి నలుగురు స్నేహితులు ముందే అనుకుని బయల్దేరతారు. ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని రెండు గంటలు కబుర్లు చెప్పుకోవాలని వస్తారు. అలాంటివాళ్లు మూడో అంతస్తుకైనా ఎక్కుతారు. పప్పన్నం కోసం ఎవరూ బయల్దేరరు, దారిలో కనబడితే తింటారు. దారిలో తినే తిండి, వెతుక్కుని వెళ్లి తినే తిండి వేరు వేరు. మొదటిదాన్ని తీసుకెళ్లి రెండోదాని చోట పెట్టాను నేను. ఆ మండి హోటల్‌ని 2020 మార్చి లాక్‌డౌన్ మూయించింది. ఇప్పుడక్కడ పళ్ల డాక్టరు ఉన్నాడు. పంటి నొప్పి ఉన్నవాడు మెట్లు లెక్కపెట్టడు.

ఆ తర్వాత నేను ఊళ్లో ఏ హోటల్ ముందు నిలబడినా తిండి కంటే ముందు మనుషుల్నే చూస్తున్నాను. సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా ఆల్ఫా హోటల్ ఉంది, రైలు దిగినవాడు రోడ్డు దాటితే చాయ్, ఖీమా, బన్ను చేతికందుతాయి. అది అక్కడ కాకుండా మరో వీధిలో ఉంటే అన్నేళ్లు అంత గిరాకీ ఉండేదా? ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సంధ్య, సుదర్శన్, దేవి లాంటి థియేటర్లు ఒకచోట పేరుకున్నాయి. అక్కడ బిర్యానీకి అంత పేరు రావడంలో సెకండ్ షో వదిలాక ఆకలితో బయటికొచ్చిన జనానికి సగం వాటా ఉంది. పాతబస్తీ పక్క బార్కస్‌లో మండి, గోధుమలు, మాంసం కలిపి మెత్తగా వండే హరీస్ ఎందుకు నిలిచాయి? నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల సంతతి వాళ్ల సొంత పేట అది. బయటివాళ్లు వచ్చినా రాకపోయినా పేటవాళ్లు తింటారు. అదే మండి బోర్డు ఊరంతా పెట్టినప్పుడు మాత్రం కుర్రకారు ఉన్నచోటే నిలిచింది, మిగతాచోట్ల ఆరు నెలలకే రంగు మారింది.

ఇరానీ హోటళ్లు ఎప్పుడూ మూల మీదే ఎందుకుంటాయో గమనించారా? మూల షట్టరు అచ్చిరాదని మిగతావాళ్లు వదిలేస్తే వాళ్లు తీసుకున్నారని పాతవాళ్లు చెబుతారు. అచ్చిరానిది కాదది, బంగారం. రెండు రోడ్ల జనం అక్కడ కలుస్తారు. ఇప్పుడు ఆ మూలలు ఒక్కొక్కటే మందుల షాపులు, సెల్‌ఫోన్ షాపులు అయిపోతుంటే గుండె తరుక్కుపోతుంది. ఒక చాయ్ తాగి గంట కూర్చునే మనిషి మీద ఈనాటి అద్దెలు రావు, నిజమే. కానీ ఆ గంట కూర్చోవడం కోసమే కదా ఆ హోటల్ పుట్టింది.

మా పిన్ని కొడుకు అశోక్‌నగర్‌లో మెస్ నడుపుతాడు. అక్కడి దారి ఇంకోరకం. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ, కోచింగ్ సెంటర్లు, గదుల్లో ఉండి చదువుకునే పిల్లలు. తెలంగాణ వచ్చాక మొదటిసారి 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ పడింది. వాడు రెండో గ్రైండరు కొన్నాడు. మరుసటి ఏడు మార్చిలో ప్రశ్నపత్రాల లీకేజీతో ప్రిలిమ్స్ రద్దయింది. కొందరు గదులు ఖాళీ చేసి ఊళ్లకి పోయారు, నెలవారీ టోకెన్లు సగానికి పడిపోయాయి. వాడి సాంబారు అదే సాంబారు. పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్ణయం మీద ఒక మెస్ బతుకు ఆధారపడి ఉందంటే మీరు నమ్మాలి.

ఇక అద్దెల సంగతి. ఇది రాయకపోతే నాకు నిద్రపట్టదు. హోటల్ ముందు నలుగురు నిలబడగానే ఓనరు పైనుంచి చూసి అద్దె పెంచుతాడు. ఆ నలుగురిని రప్పించింది వంటవాడు, ఫలితం గోడల యజమానికి. దాని మీద ప్రభుత్వం ఒక మెలిక పెట్టింది. 2017 నవంబరు నుంచి మామూలు హోటళ్ల బిల్లు మీద జీఎస్టీ 5 శాతమే అని అందరూ సంతోషించారు. కానీ సరుకుల మీద, అద్దె మీద మనం కట్టిన పన్ను తిరిగి రాదు. నా అద్దె మీద 18 శాతం, అంటే నెలకి 14,400, పూర్తిగా నా నెత్తినే పడింది. నా మొదటి షట్టరు అద్దె కంటే ఎక్కువ అది! డెలివరీ యాప్‌లో ఉందామంటే వంద రూపాయల ఆర్డరులో పాతిక దాకా కోత. ఇదంతా పోను మిగిలిన దాంట్లో మంచి నూనె వాడమంటారు.

నా లెక్క చాలా చిన్నది. నెల అద్దె మూడు రోజుల గల్లాలో తీరిపోవాలి. నా టిఫిన్ సెంటర్‌లో రోజున్నరలో తీరేది. మీల్స్ హోటల్‌లో పదకొండు రోజులు పట్టేది. పదకొండు రోజులు అద్దెకే పనిచేసి, మిగతా రోజుల్లో జీతాలు, సిలిండర్లు, కూరగాయలు చూసుకుంటే ఏ పాకశాస్త్ర పండితుడైనా మునగాల్సిందే. మీ కాలనీ షట్టరు అద్దె ఎంతో, అక్కడ పెట్టిన నాలుగు హోటళ్లలో రోజుకి ఎంత అమ్ముడయ్యేదో కనుక్కోండి. ఇడ్లీ బండాయన ఏ పక్కన నిలబడ్డాడో కూడా చూడండి. ఆయన చోటుని ఎన్నుకోలేదు, జనం ఎటు పోతే అటు బండి తోసుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. షట్టరుకి చక్రాలు ఉండవు.

మీ ప్రశ్నకి జవాబు అక్కడితో అయిపోయింది. కానీ నేను ఇంత రాయడానికి కారణం వేరే ఉంది. మూసేసిన వారం, సామాన్లు దింపుతుంటే కింద కిరాణా కొట్టాయన ఎవరితోనో అంటున్నాడు, "వంట బాగుండేది కాదట." ఆయన ఒక్కపూట కూడా పైకెక్కి తినలేదు. గుండిగ మోసుకుని మెట్లు దిగుతున్న మాస్టరు అది విన్నాడు. నేను చాలా చెప్పాను, తప్పు మీది కాదన్నాను, చింతగింజలు గుర్తుచేశాను. ఊఁ కొట్టాడు గానీ మనసుకి పట్టించుకోలేదు. టిఫిన్ సెంటర్‌లో ఉండమంటే ఉండనన్నాడు. "నా చేతిలో పస పోనాది బాబూ" అని ఊరెళ్లిపోయాడు. తర్వాత రెండేళ్లు అసలు గరిటె పట్టలేదని వాళ్లమ్మాయి ఫోన్‌లో చెప్పింది.

హోటల్ మూతపడితే వంట బాగోలేదని అనకండి. తిని చూసి ఉంటే అనండి, లేకపోతే వద్దు. మొన్న సంక్రాంతికి ఆయనే ఫోన్ చేశాడు. ఊళ్లో బస్టాండు పక్కన బండి పెట్టాడట, పొద్దున్న ఇడ్లీ, సాయంత్రం బజ్జీలు. ఏ పక్కన పెట్టారు మాస్టరూ అని అడిగాను. "విశాఖపట్నం బస్సులు ఆగే పక్కనే బాబూ, రెండ్రోజులు నిలబడి లెక్కెట్టుకున్నాకే" అన్నాడు.