బెలూన్ లోన్‌తో కారు కొంటానంటున్న చిట్టితల్లికి

చిట్టితల్లీ,

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఎలక్ట్రిక్ కారు చూసుకున్నావనీ, లీజు కాకుండా క్రెడిట్ యూనియన్‌లో (సభ్యుల సహకార బ్యాంకు లాంటిది) బెలూన్ లోన్ తీసుకుంటున్నావనీ మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. నెలనెలా చిన్న కిస్తీలు కట్టి, చివర్లో ఒకేసారి పెద్ద మొత్తం కట్టాల్సిన అప్పన్నమాట. నీ సంపాదనతో కొనుక్కుంటున్న మొదటి కొత్త కారు. చాలా సంతోషమేసింది. ఆ వెంటనే భయమూ వేసింది. నువ్వు హెచ్1బీ వీసా మీద ఉన్నావు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికో, దేశం వదలడానికో మహా అయితే 60 రోజుల గడువు. ఆ 60 రోజుల్లో ఈ కారు నీకు అక్కరకొస్తుందా, మెడకు చుట్టుకుంటుందా అన్నదే నా బెంగంతా.

లీజు వద్దనుకోవడం తప్పేమీ కాదు. మొన్నమొన్నటిదాకా అందరూ ఎలక్ట్రిక్ కార్లను లీజుకే తీసుకున్నారంటే, 7,500 డాలర్ల ఫెడరల్ టాక్స్ క్రెడిట్ (పన్ను రాయితీ) లీజు కంపెనీ ద్వారా తేలిగ్గా కలిసొచ్చేది కాబట్టి. అది 2025 సెప్టెంబరు 30తో ఆగిపోయింది. వేరే రాష్ట్రాల స్నేహితులు లీజుకు నెల కిస్తీ మీదే టాక్స్ అంటారు, ఇక్కడ అలా కాదు. టెక్సాస్‌లో లీజు కంపెనీ మొత్తం ధర మీద 6.25 శాతం కట్టి దాన్ని నీ మీదే వేస్తుంది. చివర్లో కారు నువ్వే కొనుక్కుంటే ఆ ధర మీద మళ్ళీ టాక్స్. బెలూన్‌లో టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మొదటి రోజునుంచీ నీ పేరు మీదే ఉంటుంది కాబట్టి ఆ రెండో టాక్స్ లేదు. లీజువాళ్ళు వడ్డీ ఎంతో చెప్పకుండా మనీ ఫాక్టర్ అని ఓ చిన్న దశాంశం చెబితే దాన్ని 2,400తో గుణించు, ఏడాది వడ్డీ శాతం వస్తుంది. 0.0025 అంటే 6 శాతం. రెండింటినీ అప్పుడు పక్కపక్కన పెట్టి చూడు.

చిన్నవి ఒక్క ముక్కలో: కొత్త ఎలక్ట్రిక్ కారు రిజిస్ట్రేషన్‌కు టెక్సాస్‌లో అదనంగా 400 డాలర్లు, రెండేళ్ళ తర్వాత ఏటా 200. ఇంట్లో 48 ఆంప్స్ చార్జర్ పెట్టిస్తే 60 ఆంప్స్ బ్రేకర్ ఉండాలి.

ఇప్పుడు అసలు లెక్క. కారు 45,000, టాక్స్ 2,812. చేతి నుంచి 5,800 పెడితే అప్పు 42,000 అవుతుంది. 6 శాతం వడ్డీ, 48 నెలలు, చివర్లో 18,000 బెలూన్ అనుకుందాం. నెల కిస్తీ 654. ఇదే అప్పు బెలూన్ లేకుండా మామూలుగా తీసుకుంటే 986. ఈ 332 తేడా చూసే అందరూ మురిసిపోతారు. కానీ ఆ 18,000 మీద నాలుగేళ్ళూ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. మొత్తం వడ్డీ మామూలు లోన్‌కి 5,346 అయితే బెలూన్‌కి 7,375. అంటే నెలనెలా చేతిలో కాస్త వెసులుబాటు కోసం రెండు వేల పైచిలుకు కడుతున్నావు. నీ వీసా పరిస్థితిలో ఆ వెసులుబాటుకు అంత ఖరీదు పెట్టవచ్చనే నేనంటాను. ఒక్క షరతు మీద: మిగిలే ఆ 332 నెలనెలా దాచాలి.

ఆ షరతు దగ్గరే ఏళ్ళ తరబడి అందరూ ఒకే తప్పు చేస్తున్నారు. మిగిలిన 332ని ఖర్చు పెట్టేస్తారు. పెద్ద అపార్ట్‌మెంటుకు మారతారు, ఇంకాస్త ఖరీదైన మోడల్ ఎంచుకుంటారు. చివరికి వచ్చేసరికి మళ్ళీ రీఫైనాన్స్ చేయించుకోవచ్చులే, అంటే ఆ బెలూన్ తీర్చడానికి కొత్త అప్పు తీసుకోవచ్చులే అన్న ధీమా. 48వ నెలలో ముసళ్ళ పండగ. అప్పుడది నాలుగేళ్ళ పాత కారు, వడ్డీ రేటు సాధారణంగా ఎక్కువుంటుంది. 8 శాతానికి 36 నెలలు అంటే నెలకు 564 డాలర్లు ఇంకో మూడేళ్ళు. నాలుగేళ్ళ అప్పనుకున్నది ఏడేళ్ళదైంది. అదైనా ఇస్తే. ఆ రోజున ఉద్యోగం లేకపోతే, వీసా గడువు ఆరు నెలలే మిగిలి ఉంటే, ఇవ్వకపోవచ్చు. రీఫైనాన్స్ నీ హక్కు కాదమ్మా, ఆనాటి అప్పిచ్చేవాడి ఇష్టం.

నడి మధ్యలో పరిస్థితి ఇంకా కష్టం. 24వ నెల నాటికి మామూలు లోన్‌లో బాకీ 22,250కి దిగుతుంది. బెలూన్‌లో ఇంకా 30,700 ఉంటుంది. కారుకు మార్కెట్లో 26,000 వస్తుందనుకో, 4,700 లోటు. ఎలక్ట్రిక్ కార్ల విలువ ఎలా జారుతుందో తెలుసుగా. 2023 జనవరిలో టెస్లా కొత్త కార్ల ధరలు ఒక్కసారిగా తగ్గించేసరికి పాత కార్లూ కిందికి వచ్చాయి. ఉద్యోగం పోయిన నెలలో కారు అమ్మాలంటే ఆ 4,700 చేతిలో ఉంటేనే లియన్, అంటే కారు మీద అప్పిచ్చినవాడి హక్కు, తీరుతుంది, టైటిల్ కొన్నవాడి పేరు మీదికి మారుతుంది.

అందుకే మొదటి కిస్తీ కట్టిన రోజునే ఇంకో బ్యాంకులో సేవింగ్స్ ఖాతా తెరిచి నెలకు 332 దానంతటదే వెళ్ళేలా పెట్టు. రెండేళ్ళకు 7,968. ఆ లోటు తీరి ఇంకా మిగులుతుంది. నాలుగేళ్ళకు 15,936, బెలూన్‌కి దగ్గర దగ్గర సరిపోతుంది. చిన్నప్పుడు గల్లాగురిగిలో రూపాయి బిళ్ళలు వేసి, నిండేదాకా ఎవర్నీ ముట్టుకోనిచ్చేదానివి కాదు. ఆ పిల్లవే నువ్వు. నీకు చేతకాదని కాదు, ఈ దేశంలో ప్రతి కిస్తీ చిన్నగా కనిపించేలా చూపిస్తారు, అందుకు చెబుతున్నాను.

గ్యాప్ ఇన్సూరెన్స్ మానకు, కారు విలువకూ బాకీకీ మధ్య లోటు భరించేది అదే. లీజులో చాలావరకు అది కలిసే వస్తుంది, లోన్‌లో విడిగా అడగాలి. కారు టోటల్ అయితే, అంటే బాగుచేయలేనంతగా దెబ్బతింటే, మామూలు ఇన్సూరెన్స్ కంపెనీ ఆనాటి విలువే ఇస్తుంది, గ్యాప్ లేకపోతే పైన చెప్పిన లోటు నీ నెత్తిన పడుతుంది. గ్యాప్‌కి డీలర్ చెప్పే ధరకూ క్రెడిట్ యూనియన్ చెప్పే ధరకూ చాలా తేడా ఉంటుంది, రెండూ కనుక్కో.

బెలూన్ లోన్లన్నీ ఒకటి కావు. కొన్నిట్లో చివర్లో 18,000 కట్టే బదులు కారు తిరిగి అప్పగించేయొచ్చు, విలువ పడిపోతే నష్టం వాళ్ళది. కొన్నిట్లో ఆ హక్కే ఉండదు, కారు ఎంత పలికినా 18,000 నువ్వు కట్టాల్సిందే. తిరిగి ఇచ్చే హక్కు లేకపోతే ఆ లోన్ తీసుకోకు. ఉన్నా ఎన్ని రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలో, డిస్పొజిషన్ ఫీజు (కారు తిరిగి ఇచ్చేటప్పుడు వాళ్ళు తీసుకునే రుసుము) ఎంతో, మైళ్ళ పరిమితి ఎంతో చూడు. ఏడాదికి 12,000 అని రాసి, నువ్వు 15,000 తిరిగితే నాలుగేళ్ళకు 12,000 మైళ్ళు ఎక్కువ. మైలుకు 20 సెంట్లయితే 2,400 డాలర్లు. టైర్ల గాళ్ళ లోతు 4/32 అంగుళం కంటే తగ్గినా చాలాచోట్ల డబ్బు పడుతుంది. ఎలక్ట్రిక్ కార్లు బరువెక్కువ, టైర్లు త్వరగా అరుగుతాయి.

ముందే తీర్చేస్తే జరిమానా ఉందేమో అడుగు. ఫెడరల్ క్రెడిట్ యూనియన్లు అలాంటిది వేయడానికి చట్టం ఒప్పుకోదు, మిగతావాళ్ళ కాగితం చదవాల్సిందే.

ఒక్క మేలు చెప్పనివ్వు. 2025 నుంచి 2028 దాకా, అమెరికాలో ఫైనల్ అసెంబ్లీ అయిన కొత్త కారు లోన్ వడ్డీకి టాక్స్‌లో మినహాయింపు ఉంది, లీజు కిస్తీకి లేదు. స్టిక్కర్ మీద ఫైనల్ అసెంబ్లీ ఎక్కడో చూసుకో, టాక్స్ రిటర్న్‌లో విన్ నంబర్ (కారు గుర్తింపు సంఖ్య) వేయాలి. నీలా ఒంటరిగా ఫైల్ చేసేవాళ్ళకు ఆదాయం లక్ష దాటాక ప్రతి వెయ్యికీ 200 తగ్గుతుంది. మొదటి ఏడాది వడ్డీ 2,370 దాకా ఉంటుంది, 1,12,000 దగ్గరికి వచ్చేసరికి ఏమీ మిగలదు. దాన్ని నమ్ముకుని లెక్క వేసుకోకు.

శనివారం సంతకమని అమ్మ చెప్పింది. కాంట్రాక్టు ముందే తెప్పించుకుని, గడువు ముగిశాక ఏం చేయొచ్చో రాసిన పేజీ ఫోటో తీసి నాకు పంపు. శుక్రవారం రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి లైను లైనూ చదువుదాం. పెద్దమ్మ నిమ్మకాయల సంగతి గుర్తు చేయమంటోంది.

ఆశీస్సులతో,
పెదనాన్న